క్లిప్పుల తోకలు

"ఈ ఒక్క బటన్ నొక్కు చాలు. మిగతాదంతా అదే చూసుకుంటుంది," అన్నాడు మా ఆయన, నా ల్యాప్‌టాప్ నావైపు తిప్పి.

నేను కెమెరా పట్టుకునే మనిషిని, అతను ఎడిటింగ్ చేసే మనిషి. పెళ్ళికి ముందు ఒకే ఆఫీసులో పని చేశాం కాబట్టి ఒకర్నొకరు నువ్వు అనే పిలుచుకుంటాం. ఆ విషయం మా అత్తయ్యకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా నా పని అతనికి పట్టదు, అతని పని నా బుర్రకెక్కదు. నేను తీసిందంతా తెచ్చి అతని బల్ల మీద పడేసి చేతులు దులుపుకునేదాన్ని. ఆ వేసవిలో మాత్రం అలా కుదిరేట్టు లేదు. పరుగులూ దూకుళ్ళూ నేర్పే ఒక శిక్షణ మైదానం మీద సినిమా తీస్తున్నాం. ఊరికి బాగా దూరం. వేసవంతా అక్కడే మకాం.

"నువ్వు తీసిన పెద్ద ఫైళ్ళు నీ దగ్గరే డ్రైవులో ఉంటాయి. వాటికి చిన్న నకళ్ళు తయారై నాకొస్తాయి, ప్రాక్సీలు. బొమ్మ మసగ్గా ఉంటుందనుకో, అయినా కత్తిరించుకోవడానికి చాలు. నువ్వొచ్చాక నకళ్ళు పీకేసి అసలువి తగిలించుకుంటాను."

"స్లో మోషన్‌వో?"

"అవీ అంతే. సెకనుకు వంద ఫ్రేములు తీస్తావు కదా. ఇది వాటిని ఇరవై అయిదు చొప్పున పరిచి పంపుతుంది. నీ ఒక్క సెకను నాకు నాలుగు సెకన్లవుతుంది. అక్కడ నెట్ నత్తనడకన్నారుగా, నీకు బరువు లేకుండా అన్నీ సర్దిపెట్టాను."

హాల్లోంచి మా అత్తయ్య గొంతు వినిపించింది. "మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నారని సంబరపడి చెవులు రిక్కించాను. తీరా చూస్తే కంప్యూటర్ గోల."

ఆవిడ మాటలో తప్పేం లేదు. అంతకు ముందు ఏడాది మా పాప ఏడో నెలలోనే, కడుపులోనే పోయింది. పాపకని ఖాళీ చేసి ఉంచిన గదిలోకి తర్వాత అతని కంప్యూటర్లు వచ్చి చేరాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అతను లోపల, నోటికి తాళం వేసుకుని నేను బయట. ఇద్దరం కూర్చుని ఒక్కసారి ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు. తిన్నావా అంటే తిన్నాను, పడుకుంటున్నావా అంటే ఆఁ. నోరెక్కువ మనిషినని పుట్టింటా అత్తింటా పేరు తెచ్చుకున్న నాకు, ఆ ఇంట్లో మాట్లాడ్డానికి మాట దొరికేది కాదు.

అందుకే వేసవంతా మైదానంలో అనగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, పారిపోయాను.

*

మా డైరెక్టర్‌కి తొందరాయన అని పేరు పెట్టాను. కూర్చుని టీ తాగగా ఎవరూ చూసి ఎరగరు. అతను లాంగ్ జంప్ పరుగు మొదలయ్యే చోట నిలబడి అందరి మీదా కేకలేస్తుంటాడు. నేను అవతలి కొసన, ఇసక గుంట వెనక, నేలబారుగా పెట్టిన కెమెరాతో ఒక్కదాన్నీ. నా చుట్టుపక్కల పురుగు కూడా ఉండేది కాదు. పొడుగమ్మాయి అని మేం పిలిచే ఒక పిల్ల అల్లంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, గాల్లోకి లేచి, నా ముందు ఇసకలో దబ్బున పడేది. లేచి దులుపుకుని మళ్ళీ వెనక్కి. పొద్దస్తమానం ఇదే.

రెండో రోజో మూడో రోజో, దూకుడు అయిపోయాక కెమెరా ఆపడం మర్చిపోయి, స్టాండు మీంచి తీసి చేత్తో వేలాడేసుకుని నిలబడ్డాను. ఎండకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. నాలో నేనే గొణుక్కుంటుంటే ఎర్ర దీపం ఇంకా వెలుగుతూ కనబడింది. ఆపబోయి, ఏమనిపించిందో, దాన్నే పలకరించాను.

"ఇదిగో, నిన్నే. నడుం పడిపోయింది ఇక్కడ. అన్నట్టు, వంటగదిలో ట్యూబ్‌లైట్ ఇంకా అలా కొట్టుకుంటూనే ఉందా?"

అని ఆపేశాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. మా కెమెరా ఎంత వేగంగా తీసినా బొమ్మతో పాటు గొంతు కూడా పట్టుకుంటుంది. కానీ స్లో మోషన్‌లో పట్టిన గొంతు ఏ సినిమాలోకీ రాదు. దాని మీద సంగీతం వేసేస్తారు. అంటే దాన్ని ఎడిటర్ తప్ప మరో ప్రాణి వినదు. నా ఎడిటర్ మా ఆయనే. ఫోన్లో అయితే పక్కన అత్తయ్య ఉంటుంది, ఇంటర్వ్యూలు తీసేటప్పుడైతే చుట్టూ జనం ఉంటారు. ఇంతకంటే చాటు ఎక్కడ దొరుకుతుంది?

అలా అలవాటైపోయింది. దూకుడు అయ్యాక కెమెరా కిందికి దించి, క్లిప్పు చివర్లో నాలుగు ముక్కలు మాట్లాడేదాన్ని. "అత్తయ్య మోకాళ్ళకు మందు రాస్తున్నావా, లేక ఆవిడే వంగి రాసుకుంటోందా?" "మంచానికి నా వైపు పడుకుంటున్నావా, నీ వైపేనా?" "ఇక్కడి దిండ్లు ఇటుకల్లా ఉన్నాయి." సాయంత్రం గదికొచ్చి కార్డు పెట్టి బటన్ నొక్కితే, నకళ్ళు ఒక్కొక్కటే ఈడ్చుకుంటూ వెళ్ళేవి. వాటిని తెరిచి చూసే ఓపికా, అవసరమూ నాకు లేవు.

తర్వాత ఫోన్.

"వచ్చాయా?"

"వచ్చాయి."

"బాగున్నాయా?"

"బాగున్నాయి."

ట్యూబ్‌లైట్ మాట ఎత్తడు. మోకాళ్ళ మాట ఎత్తడు. వినే ఉంటాడు, జవాబు చెప్పే రకం కాదులే అని సర్దిచెప్పుకున్నాను. విన్నాడు, అది చాలనుకున్నాను. రోజంతా నోరు మూసుకుని ఎండలో మాడే మనిషికి, సాయంత్రం ఒకరు మన మాట వింటారన్న నమ్మకం ఎంత ఆసరానో నాకు ఆ వేసవిలోనే తెలిసింది.

ఒకరోజు పొడుగమ్మాయి ఇసక దులుపుకుంటూ నా దగ్గరకొచ్చింది.

"అక్కా, ఎవరితో మాట్లాడుతుంటారు మీరు?"

"మా ఆయనతో."

"ఫోన్ లేదు కదా చేతిలో?"

"కెమెరాలో వింటాడు."

"ఏమంటారు?"

"ఏమీ అనడు."

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "మా కోచ్ కూడా అంతే అక్కా. బాగా దూకితే కిమ్మనడు. పాడుగా దూకితేనే తిడతాడు."

"అయితే మా ఆయన లెక్కలో నేను బాగా దూకుతున్నట్టే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

*

వేసవి సగం దాటాక, ఒక మధ్యాహ్నం పొడుగమ్మాయి వరసగా అడుగు తప్పింది. గీత దాటేసి దూకడం, కోచ్ తల అడ్డంగా ఊపడం. చివరికి ఆ పిల్ల ఇసకలోనే చతికిలబడి, అందరూ చూస్తుండగా బావురుమంది. ఎవరూ దగ్గరికి పోలేదు. ఏడవనిచ్చారు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, లేచి మళ్ళీ వెనక్కి నడిచింది.

నాకు ఎక్కడో కలుక్కుమంది. కెమెరా చేతిలోకి తీసుకుని ఇసక మీద అటూ ఇటూ నడుస్తూ మాట్లాడాను.

"పాప గురించి మనం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేనెత్తితే నువ్వేమైపోతావోనని నేను ఎత్తలేదు. ఆ గదిలో నువ్వెలా కూర్చోగలుగుతున్నావు? నాకు ఆ గుమ్మం దాటాలంటేనే కాళ్ళు రావు. నీ మీద కోపం కాదు ఇది. కోపమేనేమో కూడా. నాకు తెలీడం లేదు. నువ్వు చెప్పు."

ఆ సాయంత్రం బటన్ నొక్కాను. నకలు వెళ్ళిపోయేదాకా తెర ముందే కూర్చున్నాను. ఫోన్ చేశాను.

"వచ్చాయా?"

"వచ్చాయి."

"చూశావా?"

"చూశాను. ఆ అమ్మాయి ఇసకలో కూర్చుండిపోయింది చూడు, అది చాలా బాగా తీశావు."

"ఇంకా?"

"ఇంకా ఏముంది? బాగుంది."

ఫోన్ పెట్టేశాక మంచం మీద కూర్చుని గోడ కేసి చూశాను. నా గుండె కోసి పెడితే, బాగా తీశావు అంటాడా? ఒళ్ళు మండిపోయింది. మంట చల్లారాక మిగిలింది ఇంకా అన్యాయం. ఆ గదిలో, ఆ ఇంట్లో, ఎక్కడా నాకు ఎవరూ లేరనిపించింది.

మర్నాడు అత్తయ్య ఫోన్ చేసింది. "వాడు అస్తమానం నీ ఇసకే చూస్తుంటాడేమిటే? భోజనానికి పిలిచినా లేవడు. అంతలా చూడ్డానికి ఆ ఇసకలో ఏముంది?"

"పని కదత్తయ్యా," అన్నాను ముక్తసరిగా.

అదే వారంలో తొందరాయన, నడుస్తూ నడుస్తూనే, ఒక మాట అన్నాడు. ఇలాంటి మైదానాలు ఇంకా చాలా ఉన్నాయట. వరసగా తీస్తాడట. నేను ఎప్పటికీ అతని జట్టులోనే తిరుగుతానంటే ఇంకొకర్ని వెతుక్కోడట. "ఇల్లూ వాకిలీ మర్చిపోవాలి మరి. రేపు చెప్పు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆఖరి దూకుడు అయ్యాక కెమెరా కిందికి దించాను. "ఈ జట్టులోనే ఉండిపొమ్మంటున్నారు. ఒక ఊరు కాకపోతే ఇంకో ఊరు, ఇక ఇలాగే. నువ్వొక్క మాట చెబితే మానేస్తాను. ఇంతకీ నేను రాకపోతే నీకు తేడా తెలుస్తుందా?"

సాయంత్రం ఈసారి అతనే ఫోన్ చేశాడు. చేతిలో ఫోన్ మోగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఒక మాట అడగనా?" అన్నాడు.

"అడుగు."

"చివర్లో కెమెరా ఎందుకంతసేపు వదిలేస్తున్నావు? ఫైళ్ళు బరువైపోతున్నాయి. పంపడానికి నీకే కష్టం కదా."

అటువైపు నుంచి హలో, హలో అన్నాడు.

"సరే," అన్నాను. "ఇక వదలను."

మర్నాడు పొద్దున్నే తొందరాయనకు మాటిచ్చేశాను. ఆ రోజు నుంచీ పొడుగమ్మాయి ఇసకలో పడీ పడగానే కెమెరా ఆపేసేదాన్ని. సాయంత్రం ఫోన్‌లో వచ్చాయా అంటే వచ్చాయి. మిగిలిన వేసవి ఎలా గడిచిందని అడిగితే, చెప్పడానికి నా దగ్గరేమీ లేదు.

*

మొదటి వానతో పాటు ఇంటికొచ్చాను. వంటగదిలో ట్యూబ్‌లైట్ అలాగే కొట్టుకుంటోంది. దాన్ని చూడగానే, ఉన్న కాస్త ఆశా ఆరిపోయింది.

భోజనాల దగ్గర సంగతి చెప్పేశాను. అత్తయ్య ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది. మా ఆయన కంచంలోకి చూస్తూ అడిగాడు.

"ఎప్పుడు?"

"వచ్చే వారం. డ్రైవు ఇచ్చేసి, బట్టలు సర్దుకుని పోదామని వచ్చాను."

"ఓ."

"అంతేనా?"

"ఒప్పేసుకున్నాక నేనేమంటాను?"

నేను చెయ్యి కడుక్కున్నాను. అడిగినప్పుడు అనకుండా, ఇప్పుడు ఒప్పేసుకున్నాక అంటాడు. పోట్లాడ్డానికి కూడా ఓపిక లేకపోయింది. డ్రైవు తెచ్చి, ఆ గది గుమ్మం దాటి, బల్ల మీద పెట్టాను. పెట్టి వచ్చేద్దామనుకున్నాను. కానీ తెర చూసి ఆగిపోయాను.

తెర మీద సినిమా వరస ఒకటుంది. దాని కింద విడిగా ఇంకో వరస. ఆ రెండో దాంట్లో పొడుగమ్మాయి లేదు, ఎగరడం లేదు. అంతా మసక ఇసకే. ప్రతి ముక్కలోనూ ఒక మూలన నా బూట్లు, ఇంకో మూల నా నీడ.

"ఇవేమిటి?"

"తోకలు," అన్నాడు, దొంగలా తలొంచుకుని. "నువ్వు ఆపకుండా వదిలేసిన చివర్లు. పారేయబుద్ధి కాక ఒక చోట పెట్టుకున్నాను."

"ఎందుకు?"

"నువ్వు కనిపిస్తావని."

వంగి ఆ ముక్కల్ని ఒక్కొక్కటే చూశాను. అతనే అన్నాడు, "నీ నీడ చెయ్యెత్తి ఏదో అనేది. నాలుగింతలు నెమ్మది కదా, ఆ చెయ్యి పైకి లేచి కిందికి దిగేసరికి నేను టీ తాగేసేవాణ్ణి. ఎవరితోనో పోట్లాడుతున్నావేమో అనుకునేవాణ్ణి. తర్వాత నేనే నోరు ఊరుకోక బరువైపోతున్నాయన్నాను. నువ్వు ఆపేశావు. అక్కడితో ఆ వరస అయిపోయింది."

డ్రైవు తగిలించి, నకళ్ళ స్థానంలో అసలు ఫైళ్ళను కలిపాడు. మసక ఇసక ఒక్కసారిగా రేణువు రేణువుగా తేలింది. నా బూటు లేసు తెగి వేలాడుతుండడం కూడా కనబడింది. అన్నీ కలిశాయో లేదో ఒక అసలు ఫైలు తెరిచి చూసుకుంటే గాని అతనికి నమ్మకం కుదరదు. తెరిచాడు. బొమ్మ కింద పొడుగునా ఎగుడుదిగుడుగా నీలం గీత ఒకటి వచ్చింది. ఆడించాడు. గదంతా ఏదో బొంగురు మూలుగు నిండింది.

హాల్లోంచి అత్తయ్య, "ఎవరిదిరా ఆ దున్నపోతు గొంతు?" అంది.

"ఏం లేదమ్మా, స్లో క్లిప్పు సౌండు. తీసేస్తున్నా," అంటూ అతను ఆ గీత మీద వేలు పెట్టాడు.

"నకళ్ళలో ఇది లేదా?" అన్నాను.

"ఉండదు. స్లో వాటికి సౌండు తీసేయమని ఆ బటన్‌లో నేనే పెట్టాను. సినిమాలోకి రాదు, ఎవరు వింటారు? నీకు పంపడం తేలికవుతుందని."

కుర్చీ వీపు పట్టుకున్నాను. ఎవరూ వినరనే నేను అందులో మాట్లాడాను. ఎవరూ వినరనే అతను దాన్ని తీసేశాడు. వేసవంతా రోజూ ఆ బటన్ నొక్కింది నా చెయ్యే. తీసెయ్యనిస్తే ఇప్పుడూ పోతుంది. వచ్చే వారం నేనూ పోతాను. ఏమీ తెలియకుండా ఇద్దరం బతికేయొచ్చు.

"తీయకు," అన్నాను. "ఆ దున్నపోతును నేనే."

అతను నావైపు తిరిగాడు.

"వందకి మార్చి పెట్టు. మామూలు స్పీడులో. మొదటి దాన్నుంచీ."

చెప్పేసి వంటగదిలోకి వచ్చేశాను. అక్కడ నిలబడి వినడం నావల్ల కాదు. గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగాను. గోడ అవతల నా గొంతే నడుం పడిపోయిందంటోంది, దిండ్లు ఇటుకల్లా ఉన్నాయంటోంది. అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "మనిషి ఇక్కడుంటే అక్కడ దాని గొంతు వింటాడేమిటే వాడు?" అంది. నా మొహం చూసి వెళ్ళిపోయింది. కొంతసేపటికి పాప గురించి నేనన్న మాట వినబడింది. తర్వాత ఆఖరిది. తర్వాత ఏమీ లేదు. బయట వాన చప్పుడు తప్ప.

అతను వచ్చి తలుపు దగ్గర ఆగాడు. హెడ్‌ఫోన్లు మెడలోనే ఉన్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ట్యూబ్‌లైట్ వైపు చూశాడు.

"ఇది ఇంకా కొట్టుకుంటూనే ఉంది. రేపు మారుస్తాను," అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు.

"అమ్మ మోకాళ్ళకు మందు నేనే రాస్తున్నాను. పడుకునేది నీ వైపు." ఒక్కొక్కటీ వరసగా, అడిగింది అడిగినట్టే జవాబు చెబుతున్నాడు. "ఆ గదిలో ఎలా కూర్చోగలుగుతున్నావన్నావు. ఇంకెక్కడా కూర్చోలేకపోయాను. పాప దగ్గర ఎవరో ఒకరు ఉండాలనిపించేది."

గిన్నె నా చేతిలోంచి జారి తొట్టిలో పడింది. అతను దగ్గరికొచ్చి కొళాయి కట్టేశాడు.

"ఆఖరిది," అన్నాను. "దానికి చెప్పలేదు."

నేను రాకపోతే తేడా తెలుస్తుందా అని అడిగింది అదే.

"తెలిసింది," అన్నాడు.

అప్పుడు ఏడ్చాం. ఏడాది ఆలస్యంగా, ఆ కొట్టుకునే దీపం కింద, సిగ్గూ బిడియం లేకుండా ఇద్దరం ఏడ్చాం.

*

వారం తర్వాత నేను బయల్దేరాను. మాటిచ్చాక ఒక్కసారిగా తప్పుకోవడం నాకు చేతకాదు. కాకపోతే ఎప్పటికీ కాదు, వానలు తగ్గేదాకానే వస్తానని తొందరాయనకు ఫోన్ చేసి చెప్పాను. అతను నడుస్తూనే గొణిగి ఒప్పుకున్నాడు. ఇంట్లో కొత్త ట్యూబ్‌లైట్ తెల్లగా, నిలకడగా వెలుగుతోంది. మరీ వెలుగైపోయి గోడల మరకలన్నీ బయటపడుతున్నాయని అత్తయ్య సణుగుతోంది.

సంచి సర్దుకుంటుంటే అతను నా ల్యాప్‌టాప్ తీసుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ బటన్ వెనకున్న సెట్టింగుల పట్టీ తెరిచి, స్లో క్లిప్పుల ఎదురుగా సౌండు అన్న గడిలో టిక్కు పెట్టాడు.

"ఇప్పుడు నొక్కు. అన్నీ వస్తాయి. తోకలు కత్తిరించకు."

"ఫైళ్ళు బరువైపోతాయి," అన్నాను.

"అవనీ."

"అక్కడి నెట్‌కి ఒక్కోటి పంపేసరికి తెల్లారిపోతుంది."

"తెల్లారనీ," అన్నాడు, మూత వేసి ల్యాప్‌టాప్‌ను నా సంచిలో పెడుతూ.